సోమవారం చెప్తాను

చోమా పట్నపు బడిలో ముతింతా లెక్కల టీచరు. ఆడపిల్లల హాస్టలు ఆవిడే చూసుకునేది, పరీక్షల పనీ ఆవిడదే, రెండేళ్లుగా పాటల బృందమూ ఆవిడ నెత్తినే పడింది. ఏదీ కోరి తెచ్చుకున్నది కాదు. ఎవరైనా "మేడమ్, ఒక చిన్న పని" అంటే చాలు, ఆ పనేమిటో తెలిసేలోగానే తల ఊగిపోయేది.

"నువ్వు తొండకి చుట్టానివే," అనేది పక్క క్లాసు టీచరు లుయాండో.

పోయిన నెల పాటల పోటీకని మోంజే వెళ్లి వచ్చేసరికి, హాస్టల్లో చోల్వే అనే పిల్ల రెండు రోజులుగా మలేరియాతో మూలుగుతోంది. ఇంకో రోజు ఆగితే దక్కేది కాదన్నారు ఆసుపత్రిలో. పిల్ల కోలుకుంది. ముతింతాని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పైగా చోల్వే వాళ్లమ్మ అక్కడి మర్యాద ప్రకారం మోకాళ్లు వంచి, చేతులు చరిచి, వేరుశనక్కాయల మూట ఇచ్చి వెళ్లింది. ఆ కాయలు ముతింతా గొంతు దిగలేదు.

శుక్రవారం హెడ్మాస్టరు హమూంగా స్టాఫు గదికి వచ్చాడు.

"మేడమ్, తోట చూసే మాస్టారికి బదిలీ అయింది. ఇక మీరే చూసుకోవాలి. మీరైతే కాదనరు."

తల వంగబోయింది. ముతింతా గడ్డం కింద చెయ్యి ఆనించుకుంది.

"సోమవారం చెప్తాను సార్."

"చెప్పడానికేముంది? నాలుగు క్యాబేజీ మళ్లు."

"సోమవారమే సార్."

"మీరు కూడా ఇలా మొదలుపెడితే ఎలా?" అని ఆయన వెళ్లిపోయాడు.

శనివారం మొక్కజొన్న పిండితో న్షీమా ముద్ద కలుపుతుంటే గరిటె పట్టిన చెయ్యి రెండుసార్లు ఆగింది. వెళ్లి సరేననేస్తే పోదా అనిపించింది. చెప్పులు కూడా వేసుకుంది. మళ్లీ విప్పేసింది.

సోమవారం పొద్దున్నే ఆయన గదికి వెళ్లింది. "తోట నావల్ల కాదు సార్. ఈ టర్ముతో పాటల బృందం కూడా వదిలేస్తాను."

"పాటల సంగతి నేనడగలేదే."

"హాస్టల్లో పిల్ల చచ్చిపోయేది సార్."

ఆయన చాలాసేపు కాగితాలు సర్దుకున్నాడు. "సరే," అన్నాడు చివరికి.

తోట లుయాండోకి వెళ్లింది. నాలుగు రోజులు ఆమె ముతింతాతో మాట్లాడలేదు. అయిదో రోజు మట్టి చేతులతో వచ్చి కుర్చీలో కూలబడింది.

"నువ్వు దులిపేసుకుంటే నా మీద పడింది. రేపు నీళ్లు పట్టడానికైనా వస్తావా?"

రోజంతా నిలబడి ముతింతా నడుమూ నొప్పెడుతోంది.

"రాలేను లుయాండో," అంది. "కూర్చో, టీ పెడతాను."