అత్తయ్యగారి వైన్ సామాను

ఆగస్టు నెలాఖరున ఒక శనివారం పొద్దున ఉమాకాంత్ గరాజ్‌లో పెద్ద అట్టపెట్టె మీద ‘ఫ్రీ’ అని రాసిన కాగితం అంటిస్తున్నాడు. ఇండియా నుంచి అమెరికాలో కూతురింటికి వచ్చిన అత్తగారు లీలావతి, వాకింగ్‌కి వెళ్ళి వస్తూ అక్కడే ఆగిపోయింది.

“ఏంటి బాబూ అది?”

“ఇంట్లో వైన్ చేసుకునే కిట్ అత్తయ్యగారూ. రెండుసార్లు ట్రై చేశాను, రెండుసార్లూ పాడైంది. రోడ్డు పక్కన పెట్టేస్తే ఎవరో ఒకరు తీసుకెళ్తారు.”

లీలావతి వంగి పెట్టె తెరిచింది. మూతకు బెజ్జం ఉన్న తెల్లటి ప్లాస్టిక్ బకెట్, ఐదు గ్యాలన్ల గాజు జాడీ, పొడవాటి రబ్బరు గొట్టం, సీసాలకు బిరడాలు బిగించే పనిముట్టు ఉన్నాయి. అడుగున గుడ్డలో చుట్టి హైడ్రోమీటర్ ఉంది. రసంలో తేలేస్తే అందులో చక్కెర ఎంతుందో చెప్పే గాజు గొట్టం అది. దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, పక్కనున్న అంకెలు చదివింది. చదవడానికి కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు.

గోదావరి జిల్లాలో ఒక చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. దానికి ఆనుకుని ఉన్న డిస్టిలరీ ల్యాబులో ఆమె ఇరవై ఆరేళ్ళు అసిస్టెంటుగా పనిచేసింది. ట్యాంకుల్లో పులుస్తున్న మొలాసిస్‌లో, అంటే చెరకు మడ్డిలో, ఇంకా ఎంత చక్కెర మిగిలిందో పూటపూటా చూసి రాయడం ఆమె పని. కింద సంతకం కెమిస్టుది. ఎక్కడ తేడా వచ్చిందో ముందు కనిపెట్టేది తనే అయినా, ఏం చెయ్యాలో తేల్చేది ఎప్పుడూ ఇంకొకరే. మొదటి నుంచి చివరి దాకా తన చేతి మీదుగా ఒక్క ట్యాంకు కూడా నడవలేదు.

“ఇది పారెయ్యకండి బాబూ. నేను చేస్తాను,” అంది.

ఉమాకాంత్ ముందు నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు.

ఆ తర్వాత అరగంట సేపు డాక్టరు రోగిని అడిగినట్టు అడిగింది. బకెట్ దేంతో కడిగారు? గిన్నెలు తోమే పీచుతో. ఎక్కడ పెట్టారు? ఇక్కడే, గరాజ్‌లో, జూలైలో. పులవడానికి ఈస్ట్ ఏది వేశారు? బ్రెడ్డు చేసేది. మధ్యలో హైడ్రోమీటర్‌తో చూశారా?

“అది ఎలా చూడాలో అర్థం కాలేదండీ.”

లీలావతి బకెట్ లోపల వేలితో తడిమింది. పీచుతో పడ్డ గీతలు చేతికి తగులుతున్నాయి. “ఈ గీతల్లో కంటికి కనబడని పురుగు దాక్కుంటుంది. ఎంత కడిగినా పోదు. దీన్ని మొక్కలకి నీళ్ళు పొయ్యడానికి ఉంచండి.”

భర్త పద్మనాభానికి విషయం మధ్యాహ్నం భోజనాల దగ్గర తెలిసింది. ఆయన పోస్ట్‌మాస్టరుగా రిటైరయ్యారు. చెయ్యి కలిపిన అన్నంలోనే ఉంచి అడిగారు.

“కూతురింటికొచ్చి సారా కాస్తావా? మనవాళ్ళకి తెలిస్తే ఏమనుకుంటారు?”

“ఇరవై ఆరేళ్ళు ఆ పనే చేశానండీ. అప్పుడెవరూ ఏమీ అనుకోలేదు.”

“అది ఉద్యోగం.”

“ఇది నా సరదా,” అంది లీలావతి, పెరుగు గిన్నె ఆయన ముందుకు జరుపుతూ.

మర్నాడు కూతురు భావన ఆమెను, వాళ్ళుండే షాంటిలీకి పది మైళ్ళలో ఉన్న, ఇంట్లో వైన్, బీరు చేసుకునే సామాను అమ్మే హోమ్‌బ్రూ షాపుకు డ్రైవ్ చేసి తీసుకెళ్ళింది. గడ్డం పెంచిన షాపాయన పేరు గ్లెన్. ఆయన వాళ్ళను నేరుగా ధగధగలాడే స్టీలు ట్యాంకు దగ్గరకు తీసుకెళ్ళి దాని గొప్పలన్నీ చెప్పాడు. లీలావతి మర్యాదగా అంతా విని, తన కాగితం ఆయన చేతిలో పెట్టింది. అందులో ఐదే ఉన్నాయి. కొత్త బకెట్, లోపలి గాలిని బయటికి వదిలి బయటి గాలిని రానివ్వని ఎయిర్‌లాక్, కడగడానికి శానిటైజర్, జాడీకి అంటించే థర్మామీటర్, వైన్ ఈస్ట్.

“దిస్ ఈజ్ ఎనఫ్ ఫర్ బిగినర్,” అంది.

గ్లెన్ కాగితం రెండుసార్లు చూశాడు. దగ్గర్లోని తోటలో ద్రాక్ష కోతలు మొదలవుతున్నాయని, రసం కావాలంటే తెప్పిస్తానని చెప్పాడు.

సెప్టెంబర్ రెండో వారంలో రసం వచ్చింది. ఆ రోజు లీలావతి ఇంటి కింద బేస్‌మెంట్‌లో సింకు దగ్గర గంటన్నర కడిగింది. బకెట్, మూత, గొట్టం, గరిటె, చివరికి తన చేతులు. రసంలో హైడ్రోమీటర్ వేస్తే ఇరవై రెండు చూపించింది. నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకుని, ఈస్ట్ కలిపి మూత పెట్టింది. మర్నాటికల్లా ఎయిర్‌లాక్‌లో బుడగలు మొదలయ్యాయి. చక్కెర పులిసి తగ్గేకొద్దీ అంకె రోజురోజుకీ దిగుతూ వచ్చింది. పద్దెనిమిది, పద్నాలుగు, పది. వారం దాటాక రసాన్ని గొట్టంతో గాజు జాడీలోకి మార్చింది.

అంకె ఎనిమిది దగ్గర ఆగిపోయింది.

ఒక రోజు చూసింది, రెండో రోజు చూసింది. ఎనిమిదే. బుడగలు లేవు. ఆ ఏడు చలి ముందే వచ్చింది. బేస్‌మెంట్ గచ్చు మీద కాలు పెడితే జివ్వుమంటోంది. జాడీకి అంటించిన థర్మామీటర్ యాభై ఎనిమిది ఫారెన్‌హీట్ చూపిస్తోంది, మన లెక్కలో పద్నాలుగు డిగ్రీలు.

“నాక్కూడా మొదటిసారి ఇలాగే ఆగిపోయిందండీ,” అన్నాడు ఉమాకాంత్. “పోనీలెండి. మీరు చాలా కష్టపడ్డారు.”

“ఇది పాడవలేదు బాబూ, చలికి పడుకుంది. లేపాలి.”

ఫ్యాక్టరీలో ఇలాంటప్పుడు కెమిస్టుకు చీటీ రాసి పంపేది. ఇక్కడ చీటీ పంపడానికి ఎవరూ లేరు. కాసేపు మెట్ల మీద కూర్చుని ఆలోచించింది. తప్పితే తప్పనీ అనుకుని లేచింది. గోరువెచ్చటి నీళ్ళలో కాస్త చక్కెర వేసి కొత్త ఈస్ట్ నానబెట్టింది. అది పొంగాక జాడీలోని రసం ఒక గరిటె కలిపింది. గంటాగి రెండు గరిటెలు, ఇంకో గంటాగి ఒక గ్లాసు. ఒక్కసారిగా పోస్తే కొత్త ఈస్ట్ తట్టుకోలేదు. మెల్లగా అలవాటు చేసి, చివరికి ఆ మిశ్రమమంతా జాడీలో పోసింది.

ఇక జాడీని వెచ్చగా ఉంచాలి. దుప్పట్లు చుట్టింది గాని సరిపోలేదు. పైకి వెళ్ళి, హాల్లో నడుముకు కరెంటు హీటింగ్ ప్యాడ్ పెట్టుకుని టీవీ చూస్తున్న భర్త ముందు నిలబడింది.

“ఏవండీ, అది కాస్త ఇస్తారా?”

“దేనికి?”

“జాడీకి చుట్టాలి.”

పద్మనాభం తలెత్తి ఆమెను చూశారు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె తనకోసమని ఆయన్ని అడిగినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆయన ప్లగ్గు తీసి, వైరు చుట్టి, లేచారు.

“పద, నేను పట్టుకుంటాను. నువ్వు చుట్టు. నీ ఒక్కదాని వల్ల కాదు.”

మూడో రోజు పొద్దున కాఫీ కూడా తాగకుండా కిందికి దిగింది ఆమె కాదు, పద్మనాభం. “లీలా, బుడగలొస్తున్నాయి,” అని కింది నుంచి పిలిచారు. హైడ్రోమీటర్ ఏడు చూపించింది. తర్వాత ఐదు, మూడు. అక్టోబర్ నడిమికి, ఆల్కహాల్ నీళ్ళకన్నా తేలిక కాబట్టి, సున్నాకు కాస్త కిందికి దిగి, వరుసగా మూడు రోజులు అక్కడే నిలబడింది. లీలావతి నోట్‌బుక్‌లో ‘పూర్తయింది’ అని రాసి, కింద సంతకం చేసింది.

మడ్డి కిందికి దిగి వైన్ తేరుకునే సరికి డిసెంబర్ వచ్చింది. ఉమాకాంత్ గొట్టం పట్టుకుంటే, భావన సీసాలు అందిస్తే, పద్మనాభం బిరడాలు బిగించారు. ఇరవై మూడు సీసాలయ్యాయి. లీలావతి ఒక చెంచాడు నోట్లో వేసుకుంది. ఆమె వైన్ రుచి చూడడం అదే మొదలు. పుల్లగా ఉండి, గొంతు దిగాక వెచ్చగా అనిపించింది.

“పులుపు ఎక్కువైంది,” అంది. “పాడు వాసన మాత్రం లేదు.”

భావన అమ్మానాన్నల్ని షాపుకు తీసుకెళ్ళి ఒక సీసా గ్లెన్‌కి ఇచ్చింది. ఆయన షాపులోనే తాగి చూసి, ఎక్కడా లోపం లేదని, మొదటిసారి చేసినవాళ్ళ వైన్ ఇలా ఉండడం తను అరుదుగా చూశానని అన్నాడు. నోట్‌బుక్ అడిగి పేజీలు తిప్పాడు. తెలుగు అర్థం కాకపోయినా అంకెలు అర్థమయ్యాయి. ఎనిమిది దగ్గర వేలు పెట్టి, ఇక్కడి నుంచి ఎలా లేపారని అడిగాడు. లీలావతి తన ఇంగ్లీషులో నిదానంగా చెప్పింది. అంతా విని, జనవరిలో కొత్తవాళ్ళకు తను పెట్టే క్లాసులో ఇది చెప్పమన్నాడు.

“జనవరి మూడున వీళ్ళకి ఇండియా ఫ్లైట్ ఉంది,” అంది భావన.

గ్లెన్ తలూపి, అయితే వచ్చే సెప్టెంబర్‌లో పెడతానన్నాడు. అది మాటవరసకేనని భావన అనుకుంది. కారెక్కి సీటు బెల్టు పెట్టుకున్నాక లీలావతి కూతురి వైపు తిరిగింది.

“వచ్చే ఆగస్టుకి టికెట్ బుక్ చెయ్యి. కోతలకి ముందే ఇక్కడుండాలి.”

“నిజంగానేనా అమ్మా? నాన్న ఒప్పుకుంటారా?”

వెనక సీట్లో పద్మనాభం గొంతు సవరించుకున్నారు.

“ఇద్దరికీ చెయ్యమ్మా,” అన్నారు.