హనుమమ్మ పట్టుకున్న గుయ్‌శబ్దం

ఎమ్మిగనూరులో మగ్గం నేసే తిమ్మయ్యకు పాటలంటే ప్రాణం. కర్నూలులో ఒక హోటలు మూసేస్తూ అమ్మిన రెండు పెద్ద చెక్క స్పీకర్లను బేరమాడి తెచ్చుకున్నాడు. వాటికి తగిన ఆంప్లిఫయర్ కోసం భార్య హనుమమ్మను వెంటబెట్టుకుని, కర్నూలులో రిపేరు అంగడి నడిపే శివలీల దగ్గరికి పోయాడు.

"హోటలు స్పీకర్లు కొన్నా, వాటికి ఐదు నూర్ల వాట్లది ఇయ్యమ్మా. వీధంతా అదరాల" అన్నాడు.

"నీ గది ఎంతుంటుందన్నా?" అని అడిగింది శివలీల.

"పదడుగులకు పన్నెండు."

"దానికి యాభై వాట్లు శానా. ఆ హోటలు స్పీకర్లు కొంచెం పవరుకే బాగా పలుకుతాయి."

తిమ్మయ్య ఒప్పుకోలేదు. శివలీల యాభై వాట్లదీ, ఐదు నూర్లదీ రెండు ఆంప్లిఫయర్ల మీద దుప్పటి కప్పి, శబ్దం సమానంగా పెట్టి, ఒకే పాటను రెండింటిలోనూ వినిపించింది. తిమ్మయ్య కళ్ళు మూసుకుని విన్నాడు.

"మొదటిదాంట్లో మృదంగం మీద వేలు జారేది కూడా వినపడతాండాది. రెండోది ఉత్త దబదబ" అన్నాడు.

శివలీల దుప్పటి తీసింది. మొదటిది యాభై వాట్లది. తిమ్మయ్య దాన్నే చంకన పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి అన్నీ తగిలించి స్విచ్ వేస్తే పాటకంటే ముందు "గుయ్"మని శబ్దం వచ్చింది. పాట ఆపినా అది ఆగలేదు. పక్కింటి చిన్న ఈరన్న వచ్చి, "ప్లగ్గులో ఆ లావుపాటి మూడో కడ్డీ విరిచెయ్, పోతాది" అన్నాడు. తిమ్మయ్య పటకారు తీసుకున్నాడు కూడా. హనుమమ్మ దాన్ని లాక్కుని శివలీలకు ఫోన్ చేసింది.

"ఆ పని మాత్రం చెయ్యద్దక్కా. అది ఎర్తు. షాక్ కొడితే ప్రాణం కాపాడేది అదే" అంది శివలీల.

"మరి యాడ తప్పుందో ఎట్ల తెలుస్తాది?"

"ఆంప్లిఫయర్ ఆపి, స్పీకర్లవీ కరెంటుదీ తప్ప వెనకున్న వైర్లన్నీ తీసేయ్. మళ్ళీ వేసి చూడు."

హనుమమ్మ అలాగే చేసింది. గది నిశ్శబ్దమైపోయింది. అంటే ఆంప్లిఫయరూ స్పీకర్లూ బాగానే ఉన్నాయి. మగ్గం మీద పడుగు నూలులో చిక్కు పడితే ఆమె ఎప్పుడూ కత్తెర పట్టదు. ఒక్కో పోగూ విడదీసుకుంటూ పోతుంది. ఇక్కడా అదే ఓపికతో, ప్రతిసారీ స్విచ్ ఆపి, ఒక్కో వైరూ తగిలించింది. ఫోన్లో పాటలు వినే వైరు పెడితే ఏమీ లేదు. సీడీ ప్లేయర్ పెడితే ఏమీ లేదు. టీవీ సెట్‌టాప్ పెట్టె వైరు పెట్టగానే గుయ్‌మంది. ఆ పెట్టెలోకి వీధి నుంచి వచ్చే కేబుల్ వైరును ఊడదీసింది. టక్కున ఆగింది.

"దొరికింది పాపా" అంది ఫోన్లో, తుడుచుకున్నా ఆగని చెమటతో. "వీధి కేబులే."

శివలీల ఆనందంగా నవ్వింది. "ఆ వైరు ఇంకోచోట ఎర్తయి ఉండాదక్కా. రెండు ఎర్తుల మధ్య కరెంటు తిరిగి గుయ్‌మంటాండాది. కేబుల్ మధ్యలో పెట్టి ఆ కరెంటును ఆపే చిన్న ఐసొలేటర్ ఉంటాది, బస్సులో పంపిస్తా."

మరునాడు మధ్యాహ్నానికల్లా వేలంత ఐసొలేటర్ చేరింది. హనుమమ్మే దాన్ని బిగించింది. తిమ్మయ్య భజన పాట పెట్టాడు. పాడేవాడు చరణానికి ముందు ఊపిరి పీల్చుకోవడం వినపడింది. చిన్న ఈరన్న తలుపు దగ్గరే నిలబడిపోయాడు. వీధిలో నలుగురు మగ్గాలు ఆపి వచ్చి గడప మీద కూర్చున్నారు.

"నా చెవే గొప్పనుకుంటి, నీ చెయ్యి ఇంకా గట్టిది మే" అన్నాడు తిమ్మయ్య.

ఆ వారంలోనే చర్చి పెద్ద ఏసుమణి వచ్చాడు. "అక్కా, మా మైకు ఆదివారం పొద్దంతా గుయ్‌మంటాండాది. నువ్వొచ్చి చూస్తావా?"

హనుమమ్మ కొంగు నడుముకు దోపుకుని చెప్పులు వేసుకుంది. తిమ్మయ్య టార్చిలైటు తీసుకుని ఆమె వెనకే బయల్దేరాడు.