మగోళ్ల బెంచి

నా కొడుకు హనుమండ్లుకు మీసం మొలిచింది. ఆ ఒక్క తప్పుకు పిల్లల దవఖానోళ్లు వాన్ని ఎల్లగొట్టిన్రు. "పన్నెండు దాటినోళ్లు ఇక్కడ కాదు బాలలక్ష్మీ, పెద్దోళ్ల దిక్కు తీసుకపో" అన్నది డాక్టరమ్మ. మనిషి పెరిగిండు గని బుద్ధి మూడేండ్ల కాడనే ఆగింది. ఫిట్స్ ఆగలే. రోజూ గోలీ పడకుంటే కింద పడి కొట్టుకుంటడు. నిరుడు గోలీలు అయిపోయిన నాడు మండే పొయ్యిల పడి అరచెయ్యి కాలవెట్టుకున్నడు.

పెద్దోళ్ల దిక్కు మగోళ్లకు ఒక గది, ఆడోళ్లకు ఒక గది. మగోళ్ల గది ముంగట జవాను రాజయ్య స్టూలేసుకొని కూసున్నడు.

"ఆడోళ్లు లోపలికి రావద్దు."

"వానికి చెప్పుకొనరాదన్నా. నేనే చెప్పాలె."

"గింత మీసమున్నోనికి చెప్పుకొనరాదా? వాళ్ల బాపును తోలియ్యకపోయినవ్."

"బాపు భీవండిల సాంచెల మీద బట్ట నేస్తుండు. ఆడికెళ్లి ఒర్రి చెప్తడా?"

లైన్ల ఉన్న మగోళ్లు నవ్విన్రు. రాజయ్య వాని రెక్క పట్టి లోపలికి నూకిండు. నేను గడప బయటనే.

లోపల డాక్టరు అడిగేది, వాడు చెప్పేది తలుపు సందులకెళ్లి అంతా ఇనవడుతుంది.

"ఫిట్స్ వస్తున్నయా?"

"లే."

"తలనొప్పి?"

"లే."

"మరి ఇన్నేండ్ల సంది గోలీలెందుకు మింగుతున్నవ్? బందుపెట్టు."

"లే" అనుడు వానికి పిల్లల దవఖాన డాక్టరమ్మనే నేర్పింది. సూదేసి "నొప్పి ఉన్నదా?" అనేది, "లే" అంటే బిస్కెట్ చేతిల పెట్టేది. ఇగ తెల్లకోటు తొడుక్కున్నోళ్లు ఏమడిగినా వాడు లే అనే అంటడు. ఆ ముచ్చట ఆమె ఈయనకు చెప్పలే. చెప్పేదాన్ని నన్నేమో బయట నిలవెట్టిరి.

రాజయ్య కాలు అడ్డం పెట్టిండు. దాటుకొని పోయిన. పోయి మగోళ్ల బెంచి మీద, నా కొడుకు పక్కన కూసున్న.

"ఎవలమ్మా నువ్వు? ఎవలు రానిచ్చిన్రు?" అన్నడు డాక్టరు.

"వాన్నే అడుగుండ్రి సారూ. నీకు అవ్వ ఉన్నదా అని అడుగుండ్రి."

ఇసుక్కుంటనే అడిగిండు. "నీకు అవ్వ ఉన్నదా?"

"లే" అన్నడు నా కొడుకు, నా మొఖం దిక్కు చూసి నవ్వుకుంట. బిస్కెట్ కోసమని చెయ్యి చాపిండు.

బయట ఎవడో కిసుక్కుమన్నడు.

"పక్కన కూసున్న కన్న అవ్వనే లేదన్నడు. ఫిట్స్ లేవంటే నమ్ముతరా? ఆ అరచెయ్యి చూడుండ్రి. గోలీలు లేకనే అట్లయింది."

డాక్టరు ఆ కాలిన చెయ్యి దిక్కు జరసేపు చూసిండు. గోలీల చిట్టి రాసి, చాపిన చేతిలనే పెట్టిండు. వాడు దాన్ని నోట్లె పెట్టుకొని కొరికిండు. నేను గుంజేసరికి సగం చిరిగింది.

"వచ్చేసారి మగదిక్కును తోలుకొని రా" అనుకుంట డాక్టరు ఇంకొకన్ని పిలువుమని రాజయ్యకు చెయ్యూపిండు.

తడిసిన చిట్టిని ఆయన ముంగట మేజ మీద పెట్టిన.

"మల్ల రాయుండ్రి సారూ. వచ్చేసారి గూడ నేనే వస్త."

బెంచి మీదికెళ్లి లేవలే. వాడు బిస్కెట్ కోసం మల్ల చెయ్యి చాపిండు.