మరిడమ్మ కొంగులో పడ్డ కౌలు

నేను ఒక ఇత్తడి పళ్ళాన్ని. నా భయమంతా ఒక్కటే: కౌలు కోసం వచ్చిన మనిషి ఎదుటి నుంచి నన్ను వెనక్కి తిప్పేయడం. ఆ ఇంటి ఏడాది తిండి అక్కడే పోతుంది మరి!

అజ్జరంలో సుత్తిదెబ్బలు తిని గుండ్రంగా తయారయ్యాను. అక్కడి నుంచి చినలంకలో పట్టాభిగారింటికి చేరాను. ఉగాది పొద్దున ఆయన నాలో ఆకులూ వక్కలూ పెట్టి చాపేవారు. అందుకున్నవారిదే ఆ ఏడు పొలం. కాగితం లేదు, సంతకం లేదు. ఇచ్చినాయన ఆసామి, పుచ్చుకున్నవాడు కౌలుదారు. పంట విరగపండితే ఇద్దరూ "మా పొలం" అనేవారు. పైరుకి దోమ పట్టి పంట పోతే "మీ పొలం" అని ఒకరికొకరు అప్పజెప్పుకునేవారు. పొలం లాగేసుకున్నా సరే, ఊళ్ళో మాత్రం "వాడే వదిలేశాడు" అనేవారు. మనుషుల మాటలు భలేగా ఉంటాయిలెండి!

ఆ ఒక్క ఉగాది తలుచుకుంటే ఇప్పటికీ ఖంగుమంటాను. కౌలుదారు నూకరాజు బండి మీంచి పడి మంచాన ఉన్నాడు. "మంచం మీదోడికి పొలమెందుకండీ? నాకిచ్చెయ్యండి" అంటూ సత్తిబాబు ముందే వచ్చి కూర్చున్నాడు. నూకరాజు పెళ్ళాం మరిడమ్మ చంకలో పసిపిల్లతో గుమ్మం దగ్గర నిలబడింది. ఆడమనిషికి కౌలు తాంబూలం ఇచ్చే ఆనవాయితీ ఆ ఊళ్ళో లేదు.

పట్టాభిగారు నన్ను సర్దిపెట్టి చేతులు కడుక్కోవడానికి లేచారు. అంతలో వంటింట్లోంచి ఆయన భార్య ఆండాళమ్మగారు వచ్చారు. పండగపూట ఇంటికొచ్చిన ముత్తయిదువను వట్టి చేతులతో పంపకూడదని మరిడమ్మకు బొట్టు పెట్టి, ఎదురుగా కనపడ్డ పళ్ళెం తీసి చాపారు. ఆ పళ్ళెం నేనే!

మరిడమ్మ చటుక్కున కొంగు పట్టింది. ఆకులన్నీ అందులో పడ్డాయి.

"అమ్మగారు మాకు కౌలిచ్చారండీ!" అంది గట్టిగా.

"ఓసి నీ తెలివి! అది పేరంటం తాంబూలమే" అని సత్తిబాబు ఎగిరి లేచాడు.

"పళ్ళెం అదేనా కాదా బాబూ? ఉగాదేనా కాదా? మరింకేటి కావాలి నీకు?"

పట్టాభిగారు తడిచేతులతోనే గబగబా వచ్చారు. ఆండాళమ్మగారు నాలుక కరుచుకున్నారు. మరుక్షణం నవ్వు ఆగలేదు ఆవిడకి.

"నా చేత్తో ఇచ్చింది పండగపూట లాక్కుంటారేమిటండీ?"

"సరే, వెళ్ళవే, వెళ్ళి దుక్కి సంగతి చూసుకో" అన్నారాయన మరిడమ్మతో, మీసాల్లో నవ్వుకుంటూ.

అబ్బ, ఆ పరుగు చూడాలి! కొంగు ముడి ఒక చేత్తో, పిల్ల ఇంకో చేత్తో!

ఇప్పుడు పట్టాభిగారూ ఆండాళమ్మగారూ లేరు. వాళ్ళ కోడలు నన్ను కాకినాడలో అద్దాల బీరువాలో పెట్టింది. కౌలు సంగతి ఫోనులోనే తేల్చేస్తున్నారు. ఈసారి ఎవరి పేరు చెప్పారో ఎంత చెవి ఒగ్గినా నాకు వినపడలేదు. నేనా, కదల్లేను. మీరు ఎప్పుడైనా చినలంక కాలవగట్టు మీదుగా వెళితే, మరిడమ్మ ఈ ఏడు నారు పోసిందో లేదో కాస్త చూసి రండి.