ఉప్పు అడిగే మనిషి

మా అత్తగారికి చూపు ఆనదు. నాకు వాసన తెలియదు. కుర్చీలకూ బీరువాలకూ వార్నిష్ కొట్టే పనిలో ముప్పై నాలుగేళ్ళున్నాను. థిన్నరు నా ముక్కును తినేసింది. ఉప్పు, పులుపు, తీపి, చేదు నాలుకకు తెలుస్తాయి. మిగతాదంతా అట్టముక్క నమిలినట్టుంటుంది.

నా భార్య పోయి రెండేళ్ళయింది. వాళ్ళమ్మ మాత్రం ఉంది. కూతురి దగ్గర నాలుగు రోజులుంటానని వచ్చి పదకొండేళ్ళుగా ఉంటోంది. ఆవిడంటే నాకు పడదు. నేనంటే ఆవిడకు అంతకన్నా పడదు. కూతురు పోయిన మూడో రోజున మొహం మీదే అంది.

"అది ముప్పై ఏళ్ళు నీకు వండి పెట్టింది. ఎలా ఉందని అడిగితే ఒక్క రోజైనా బాగుందన్నావా? 'తింటున్నాగా' అనేవాడివి."

"బాలేదని కూడా అనలేదుగా," అన్నాను.

ఆ తరువాత మేం అవసరమైన మాటలే మాట్లాడుకున్నాం.

మొదటి నెల హోటలు నుంచి తెచ్చాను. అలా తెచ్చుకు తినే స్తోమత నాకు లేదు. ఇంట్లో పొయ్యి వెలిగించాను. మూడు రోజులు వరసగా మాడ్చాను. నాలుగో రోజు అత్తగారు కంచం పక్కకు జరిపింది.

"ఇది మాడిందని నీకు నిజంగా తెలియలేదా?"

"తెలియలేదు."

ఆవిడ లేచి తన ముక్కాలిపీటను వంటింటి గుమ్మం దాకా ఈడ్చుకొచ్చి కూర్చుంది. అప్పటినుంచి మా ఇంట్లో వంట ఇద్దరి పని. తరిగేదీ కలిపేదీ నేను. వినేదీ వాసన చూసేదీ ఆవిడ. ఉల్లిపాయ ముక్కలు నూనెలో పడగానే గోల చేస్తాయి. నీరు ఇగిరాక గొంతు తగ్గిస్తాయి. ఆ తేడా ఆవిడకు తెలుస్తుంది. "ఇప్పుడు టమాటా," అంటుంది. దించబోయే ముందు "ఉప్పు?" అంటుంది. అప్పుడు వేస్తాను. ఆవిడ అడక్కుండా నేను వేయను. ఒకసారి వేశాను. ఆవిడ అడిగాక మళ్ళీ వేశాను. ఆ కూర పారబోశాం.

కూరగాయలకు మార్కెట్టు సర్దేసుకునే వేళకు వెళతాను. చిట్లిన గుడ్లు, మెత్తబడ్డ టమాటాలు, నూకలు ఆ వేళ చవక. క్యాబేజీ పై ఆకులు ఊరికే వస్తాయి. కూరగాయలామె వాటిని గంపలోకి తోస్తూ ఒకరోజు అడిగింది.

"ఇంట్లో మేకలున్నాయా అన్నా?"

"ఒకటుంది. పళ్ళు లేవు."

"మరెలా తింటుంది పాపం?"

"సన్నగా తరుగుతాను."

ఈనెలు తీసేసి, దారాల్లా తరిగి, పెద్ద మంట మీద గబగబా వేయిస్తే ఆ ఆకులు బాగుంటాయి. బాగుంటాయని అత్తగారు చెప్పింది. నేను నమ్మాను.

గ్యాసు మిగలాలంటే గింజలకు ఒక పద్ధతుంది. ఎండు చిక్కుడు గింజలు రాత్రంతా నానాలి. పొద్దున అరగంట బాగా తెర్లనిచ్చి, మూత తీయకుండా గిన్నెను బొంతలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టాలి. మధ్యాహ్నానికి వెన్నలా ఉంటాయి. నేను చుడుతుంటే ఆ చప్పుడు విని అత్తగారు అంది.

"గిన్నెకైతే బొంత కప్పుతావు. నేను దుప్పటి అడిగితే చలెక్కడుందంటావు."

"మీరు ఉడకనక్కర్లేదుగా."

ఇలా నడుస్తుండగా బావమరిది ఫోను చేశాడు. అతను నా భార్యకు తమ్ముడు, ఒక బడిలో గుమాస్తా.

"బావా, నలుగురూ నన్నడుగుతున్నారు. అక్క లేని ఇంట్లో మీ అమ్మ ఏం తింటోందని."

"తింటోంది."

"ఏం తింటోందో ఆదివారం భోజనానికి వచ్చి చూస్తాను. బాగుంటే సరే. లేదంటే నాతో తీసుకుపోతాను."

అత్తగారికి చెప్పాను. వెళతారా అని అడిగాను.

"మూడంతస్తులెక్కాలి. పైగా కోడలు వంటింటి తలుపు మూసుకుని వండుతుంది," అంది.

ఆవిడ వెళితే నాకు మాటలు పడటం తప్పుతుంది. దుప్పట్ల గొడవ ఉండదు. కానీ ఆవిడతోపాటు ముక్కు కూడా వెళుతుంది. మాడినదేదో మాడనిదేదో తెలియకుండా ఉన్నన్నాళ్ళూ తినాలి. అందుకని ఆవిడ ఉండాలి. వేరే కారణం లేదు.

"నేను వంటింట్లో కూర్చుంటానని వాడితో అనకు," అంది. "కళ్ళు కనపడని అమ్మ చేత చాకిరీ చేయిస్తున్నావని గోల చేస్తాడు."

ఆదివారం అతను గంట ముందే వచ్చాడు. చేతిలో అరడజను యాపిల్స్. పళ్ళు లేని తల్లికి. ముక్కాలిపీట కాలికి తగిలిందని గోడ వారకు తోసి, తల్లిని ముందుగదిలో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

నేను ఒక్కణ్ణే పొయ్యి దగ్గర నిలబడ్డాను. ఉల్లిపాయలు వేశాను. విన్నాను. నాకు అంతా ఒకటే చప్పుడు.

ముందుగదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. మామూలుకన్నా పెద్దగా ఉంది.

"పక్కింటివాళ్ళు ఉల్లిపాయలు వేయిస్తున్నారు. ఇంక టమాటా వెయ్యొచ్చు."

"పక్కింటి వంట నీకెందుకమ్మా?"

"నాకు వేరే పనేముంది?"

నేను టమాటా వేశాను. గింజలు కలిపాను.

"వాళ్ళకు అడుగంటుతోంది. మంట తగ్గించి కాసిని నీళ్ళు పోస్తే బాగుండు."

"అది మన వంటింట్లోంచి వస్తోందమ్మా."

"పక్కింట్లోంచే. వాసన చూస్తోంది నువ్వా, నేనా?"

తగ్గించాను. పోశాను.

ఆ తరువాత బావమరిది తమ బడికి కొత్తగా పెట్టిన గేటు గురించి మొదలుపెట్టాడు. దాని పొడవు, వెడల్పు, రంగు, ఎవరి పేరు రాయాలన్న దాని మీద జరిగిన తగువు. ఆవిడకు నోరు విప్పే సందు దొరకలేదు. క్యాబేజీ వేయించి దించాను. గుడ్లు పొరటు చేసి దించాను. అన్నీ వడ్డించాను.

మొదటి ముద్దకే తెలిసింది. ఉప్పు లేదు. దేంట్లోనూ లేదు. ఎవరూ అడగలేదు, నేను వేయలేదు.

బావమరిది నమలడం ఆపాడు.

"అమ్మా, ఇందులో ఉప్పు..."

"సరిపోయింది," అంది అత్తగారు.

"అసలు లేదమ్మా."

"నాకిలాగే వండమని డాక్టరు చెప్పాడు. మీ ఆవిడ వేసినంత వేస్తే నాకు కాళ్ళు వాస్తాయి."

ఆవిడ డాక్టరు మొహం చూసి నాలుగేళ్ళయింది. ముద్ద తరువాత ముద్ద మింగి కంచం ఖాళీ చేసింది. తడుముకుంటూ నా వైపు చాచింది.

"ఇంకాసిని గింజలు వెయ్యి నాయనా."

నన్ను నాయనా అనడం అదే మొదలు. వేశాను. అది కూడా తింది.

"అమ్మ కోసం నువ్వూ ఈ చప్పిడి కూడే తింటున్నావా బావా?"

"అవును," అన్నాను.

అతని కళ్ళు చెమర్చాయి. గుమాస్తాలకు తొందరగా చెమరుస్తాయి. నా చేయి పట్టుకుని, అమ్మ ఇక్కడే ఉంటుందిలే అని చెప్పి, నాలుగు గంటల బస్సుకు వెళ్ళిపోయాడు.

అతని చెప్పుల చప్పుడు మెట్లు దిగి వీధిలో కలిసేదాకా అత్తగారు కదల్లేదు.

"మట్టి తిన్నట్టుంది," అంది అప్పుడు. "మిగిలింది మళ్ళీ వేడి చెయ్యి."

గోడ వార ఉన్న ముక్కాలిపీటను నేనే తెచ్చి గుమ్మంలో వేశాను. ఆవిడ కూర్చుంది. గిన్నె పొయ్యి మీద పెట్టాను. కాసేపు విన్నది.

"ఉప్పు?"

వేశాను.

"ఆ యాపిల్స్ కూడా ముక్కలు చేసి ఉడకబెట్టు. నేను వాటిని కొరకలేను."

గింజలు రెండు కంచాల్లో వడ్డించాను. నాకు ఉప్పు తెలిసింది, టమాటా పులుపు తెలిసింది. మిగతాది ఆవిడకే తెలియాలి. ఆవిడ మాట్లాడకుండా తింటోంది. సగం కంచం దాకా ఆగాను.

"ఎలా ఉంది?" అన్నాను.

ఆవిడ నోట్లో ముద్ద నిదానంగా నమిలి మింగింది.

"తింటున్నాగా," అంది.