జనరల్ విగ్రహం కింది పెట్టె

అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం పోకూడదని పోరాడిన జనరల్ హార్‌గ్రోవ్ విగ్రహాన్ని కోర్టు ముందు నుంచి క్రేన్ ఎత్తుకుపోయి గంటయింది. జనంలో సగం మంది చప్పట్లు కొట్టారు, సగం మంది కళ్లు తుడుచుకున్నారు. వెర్లీన్ మాత్రం రెండూ చెయ్యలేదు. ఆవిడ బాధ జనరల్‌తో కాదు, ఆయన కాళ్ల దగ్గరి పలకతో. 'చివరిదాకా యజమానిని విడవని నమ్మకస్తుడైన బానిస ఐసమ్' అని దాని మీద చెక్కారు. ఆ ఐసమ్ ఆవిడ ముత్తాత.

అరవై ఎనిమిదేళ్లుగా ఆ మాట ఆవిడ మెడకు గుదిబండ. బళ్లో తోటి నల్లపిల్లలే ఏడిపించారు. మొన్న ఆదివారం చర్చి భోజనాల్లో అలసందలు వడ్డిస్తుంటే, వడ్డించడం మీ రక్తంలోనే ఉందిలే అని డెలోరిస్ నలుగురిలో నవ్వింది. ఐసమ్ తాత తన నోటితో ఏమీ చెప్పకుండానే పోయాడు. నోరు విప్పితే చెట్టుకు వేలాడదీసే రోజులవి మరి.

పునాది రాయి కదిపితే రాగి పెట్టె బయటపడింది. నూరేళ్ల కిందట విగ్రహం పెట్టించిన దొరసానుల సంఘం, జనరల్ యుద్ధంలోంచి ఇంటికి రాసిన ఉత్తరాలను పట్టు రిబ్బనుతో కట్టి అందులో దాచింది. ఆయన చేతిరాత కట్ట విప్పడమే అపచారమనుకున్నారు కాబోలు, ఒక్కరంటే ఒక్కరూ చదివి చావలేదు!

ఆ సంఘంలో మిగిలిన ఒకే ఒక్క మనిషి, జనరల్ మునిమనవరాలు మిస్ కోర్డీలియా. తొంభై ఏళ్ల ఆవిడ ముడి విప్పి, రెండో ఉత్తరం సగంలో ఆగిపోయింది. తలెత్తి వెర్లీన్ వైపు చూసింది. ఎక్కడ మడిచి దాచేస్తుందోనని వెర్లీన్ ఒక అడుగు ముందుకేసింది.

ముసలావిడ గొంతు సవరించుకుని పైకే చదివింది. "ఐసమ్ పారిపోయాడు. నా మంచి గుర్రాన్నీ, కొత్త బూట్లనూ పట్టుకుపోయాడు. ఇప్పుడు శత్రువుల పటాలంలో చేరి, మా మీదికే తుపాకీ ఎత్తాడట."

"యుద్ధంలో ఎన్నాళ్లున్నాడట ఆయన దగ్గర?" అనడిగింది వెర్లీన్.

"పదకొండు రోజులు," అంది కోర్డీలియా. తర్వాత తల దించుకుంది. "నన్నూ ఆ కథే చెప్పి పెంచారు వెర్లీన్. నేనూ అదే అందరికీ చెప్పాను. తప్పయిపోయింది."

వెర్లీన్ ఖాళీ దిమ్మె మెట్ల మీద కూలబడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ఒళ్లంతా తేలికైపోయింది.

తర్వాతి ఆదివారం చర్చి భోజనాల్లో డెలోరిస్ పళ్లెం చాపింది. వెర్లీన్ గరిటె గిన్నెలో పడేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నువ్వే వడ్డించుకోవే డెలోరిస్. మా రక్తంలో ఉన్నది గుర్రమెక్కి పోవడమట."