దేవుడి మీద అత్తయ్య సమ్మె

మా అత్తయ్య స్వస్థత నూనె మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత నవ్వినందుకు సిగ్గుపడతారు. నేనూ అంతే. ఆసుపత్రిలో ఎక్స్‌రే గది బయట నిలబడి నవ్వాను, ఆ వెంటనే ఏడ్చాను. మా ఆయనకి ఏం చెయ్యాలో తోచక నాకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

మా చర్చిలో శుక్రవారం సాయంత్రాలు స్వస్థత కూడిక జరుగుతుంది. పాస్టరుగారు చిన్న సీసాలోని ఒలీవ నూనె వేలికి అద్దుకుని, జబ్బుపడ్డవాళ్ల నుదుటికి రాసి ప్రార్థన చేస్తారు. ఆ శుక్రవారం కళ్లద్దాల షాపాయన ముందుకొచ్చాడు. చర్చి పెద్దల్లో ఒకడు. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. ఏళ్ల తరబడి మోకాలి నొప్పితో బాధపడుతున్నాడు. పాస్టరుగారు నూనె రాశారో లేదో, నొప్పి పోయిందని కేకపెట్టి వేదిక మీంచి కిందికి గెంతాడు. ఆ ఊపులో ఆయన మోచెయ్యి తగిలి సీసాలో నూనె సగం మెట్ల మీద ఒలికింది. జనం ఒకటే చప్పట్లు, పాటలు, కన్నీళ్లు. అంత సంబరంలో ఒక గుడ్డ తెచ్చి తుడుద్దామని ఒక్కరికీ తట్టలేదు. అద్భుతం జరుగుతుంటే తడిగుడ్డ ఎవరికి గుర్తొస్తుంది?

మర్నాడు పొద్దున అత్తయ్య వేదిక మీద పూలు సర్దడానికి వెళ్లింది. శనివారం పూల పని ఆవిడదే, ఇంకొకర్ని చెయ్యి పెట్టనివ్వదు. రెండు చేతుల నిండా పూలతో ఆ మెట్లెక్కబోయింది. ఇక చెప్పేదేముంది.

ఆపరేషను బాగానే జరిగింది. ఆసుపత్రిలో నర్సులు చెరో పక్కన పట్టుకుంటే లేచి నిలబడింది కూడా. ఆ తర్వాతి ఆదివారం చర్చి నుంచి మా ఆయన తెచ్చిన కబురుతో మొత్తం తిరగబడింది. కళ్లద్దాల షాపాయన తన మోకాలి నొప్పి పోయిందని అందరి ముందూ సాక్ష్యం చెప్పాడట, సంఘమంతా లేచి నిలబడిందట.

"ఏ నూనెతో తగ్గిందిరా ఆయనకి?" అంది అత్తయ్య.

"అదే నూనె," అన్నాడు ఈయన, నోరు జారాక నాలిక కరుచుకుంటూ.

అత్తయ్య లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. ఆవిడ దగ్గర చదువుకున్న మగాళ్లు, ఇప్పుడు పిల్లల తండ్రులు, రోడ్డు మీద ఆవిడ కనిపిస్తే ఈ రోజుకీ చేతిలో సిగరెట్టు పారేస్తారు. జవాబు సరిపోయినా సరే, మధ్యలో స్టెప్పులు రాయకపోతే సున్నా చుట్టేది. అలాంటి మనిషి ఇంటికొచ్చి మంచమెక్కి, దుప్పటి సర్దుకుని తన షరతు చెప్పింది.

"సీసా ఒకటే, నూనె ఒకటే. ఆయన గెంతాడు, నేను పడ్డాను. ఈ లెక్క ఎలా చేశాడో స్టెప్పులు చూపించమను. అప్పటిదాకా నేను లేవను."

"ఎవర్నమ్మా చూపించమనేది?" అన్నాడు మా ఆయన.

ఆవిడ వేలు పైకి చూపించింది.

"పై ఇంటివాళ్లనా?" అన్నాడు ఈయన. మా ఆయన మంచివాడు.

మేం మొదట్లో అలకనుకున్నాం. అలక కాదు, నిఖార్సైన సమ్మె. ప్రార్థన కూడా మానేసింది. మా ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన ఎప్పుడూ ఆవిడదే. ఆవిడ మంచం పక్కన కంచాలు పెట్టుకుని, కళ్లు మూసుకుని, మేం అలవాటుగా ఎదురుచూస్తే, "తినండి, చల్లారిపోతుంది," అంది. ఆవిడ గొంతులో కోపం ఉంటే బాగుండేది. లేదు.

డాక్టరు మాత్రం దాపరికం లేకుండా చెప్పాడు. ఇప్పుడు లేచి నడవకపోతే కండ కరిగిపోతుంది, ఆ తర్వాత నడవాలన్నా నడవలేదు, మంచమే గతి. నాకు ఆవిడ మీద ప్రేమ ఉంది. ఎంత ప్రేమ ఉన్నా, బతికినన్నాళ్లూ మంచంలో బెడ్‌పాన్ పెట్టి తియ్యాల్సొస్తుందేమోనన్న భయం కూడా ఉంది. రెండూ నిజమే, ఒకటి చెప్పి ఒకటి దాచడం నాకు చేతకాదు.

అత్తయ్యతో వ్యాయామాలు చేయించడానికి ఫిజియో అమ్మాయి రోజూ సాయంత్రం వచ్చేది. మంచం అంచుకి జరగడం, పాదాలు వెనక్కి లాక్కోవడం, ఒళ్లు ముందుకి వంచి వాకర్ ఊతంగా లేవడం, అన్నీ తనే చేసి చూపించేది. అత్తయ్య చేతులు కట్టుకుని ఇన్స్పెక్షనుకొచ్చిన అధికారిలా చూసేది. "నిన్న ముక్కు కాలి బొటనవేలి దాకా రావాలన్నావు, ఇవాళ మోకాలి దాకానే తెచ్చావే?" అని తప్పులు కూడా పట్టేది. తను మాత్రం కదిలేది కాదు. ఆ అమ్మాయి కాళ్లు గట్టిపడ్డాయిగానీ అత్తయ్యవి అలాగే ఉన్నాయి.

ఇక పరామర్శలు. నేను ఇంట్లో కేకులు చేసి అమ్ముతుంటాను. అంచులు కోసిన ముక్కలు వచ్చినవాళ్లకి ప్లేట్లో పెట్టేదాన్ని. అదే నా తప్పు. ఆదరించడానికి వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ ఆదరించడానికి రాసాగారు. అత్తయ్య ఎత్తు తక్కువ కుర్చీల్లో కూర్చోకూడదని ఫిజియో అమ్మాయి చెప్పడంతో, ఆవిడ చదువుకునే లోతైన పడక్కుర్చీ వాళ్లకి దక్కింది. అందులో కూర్చున్నవాళ్లు ఒక పట్టాన లేచేవాళ్లు కాదు.

పాటల పిన్నిగారు, అంటే మా చర్చిలో పాటలు ఎత్తుకునే ఆవిడ, ఇది పరీక్ష అంది.

"సిలబస్ చెప్పకుండా పరీక్ష పెట్టేవాణ్ణి మా స్కూల్లో అయితే సస్పెండ్ చేసేవాళ్లు," అంది అత్తయ్య.

పాస్టరమ్మగారు, దేవుడు తనకి బాగా ఇష్టమైనవాళ్లనే ఇలా దండించి దగ్గరకి తీసుకుంటాడంది.

"అయితే నా మీద ఇష్టం కొంచెం తగ్గించుకోమని చెప్పమ్మా. నీ మాటైతే వింటాడు."

మా ఆయన మేనత్త కుర్చీ ఇంకా దగ్గరకి లాక్కుని, గొంతు తగ్గించి, బయటపడని పాపమేదైనా ఉందేమో గుర్తు తెచ్చుకోమంది. అత్తయ్య నిజంగానే కళ్లు మూసుకుని ఆలోచించింది.

"ఒకసారి పక్కింటివాళ్ల మీద కోపంతో వాళ్లమ్మాయికి రెండు మార్కులు తక్కువ వేశాను. తర్వాత కలిపేశాననుకో. కలపకపోయినా, రెండు మార్కులకి తుంటి ఎముకా, వదినా? గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? పైగా అరటితొక్క మీద పడెయ్యొచ్చుగా, స్వస్థత నూనే కావాల్సొచ్చిందా?"

మేనత్త ఆ రోజు కేకు కూడా ముట్టకుండా వెళ్లిపోయింది.

పాస్టరుగారు కూడా వచ్చారు. ఆస్తి, పిల్లలు, ఆరోగ్యం అన్నీ పోయి బూడిదలో కూర్చున్నా విశ్వాసం వదలని పాతకాలపు భక్తుడి కథ చెప్పారు. చివర్లో దేవుడు అన్నీ రెట్టింపు ఇచ్చాడు, మళ్లీ పిల్లలు కూడా పుట్టారు అన్నారు.

"మొదటి పిల్లల సంగతేంటండీ?" అంది అత్తయ్య. "వాళ్లేం చేశారని పోయారు? పగిలిన గ్లాసులకి కొత్త గ్లాసులు ఇచ్చినట్టు పిల్లలకి పిల్లల్నిస్తే ఆ తల్లికి సరిపోయిందా? ఆవిణ్ణి ఎవరైనా అడిగారా?"

పాస్టరుగారు టీ కప్పు కింద పెట్టారు. ప్రార్థన చేసి వెళ్తానన్నారు. "చెయ్యండి, నేను వింటాను," అంది అత్తయ్య. అది విన్నాక ఆయన గొంతు సగంలోనే సన్నబడిపోయింది. ఆయన్ని చూస్తే నాకు జాలేసింది.

ఒక మధ్యాహ్నం కళ్లద్దాల షాపాయన వచ్చాడు. నేను పుట్టినరోజు కేకు మీద కత్తితో క్రీము పూస్తున్నాను. ఆ కత్తితోనే వెళ్లి తలుపు తీశాను. ఆయన హుషారుగా నడిచొచ్చి, పడక్కుర్చీలో దబ్బున కూలబడి, తన అద్భుతం మొదటి నుంచీ చెప్పాడు. మేం విన్నదే. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అంతటితో ఆగినా బాగుండేది.

"మీకు విశ్వాసం కాస్త తక్కువైందక్కయ్యగారూ. నేను నమ్మాను, లేచాను. మీరూ నమ్మి లేవండి."

నా చేతిలో కత్తి ఉన్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. "ఆవిడ విశ్వాసం గురించి మీరు మాట్లాడకండి. ఆ మెట్ల మీద నూనె ఒలకబోసింది మీరే," అన్నాను. మా ఇంట్లో పైకి ఎవ్వరూ అనని మాట అది.

ఆయన మొహం మాడిపోయింది. వెళ్లొస్తానని చేతులు కుర్చీ మీద ఆనించి లేవబోయాడు. లేవలేదు. మళ్లీ లేవబోయాడు. కుర్చీ కిర్రుమంది, ఆయన "అబ్బా" అని మోకాలు పట్టుకున్నాడు.

"కుర్చీ లోతుగా ఉంది," అన్నాడు.

"కుర్చీని ఎందుకంటావు తమ్ముడూ," అంది అత్తయ్య. "ఎప్పట్నుంచి?"

ఆయన నా వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. "సాక్ష్యం చెప్పి ఇంటికెళ్లేసరికే మళ్లీ మొదలైంది."

"మరి చెప్పలేదేం?"

"ఎవరితో చెప్పను? నన్ను చూసి కొత్తవాళ్లు చర్చికొస్తున్నారు. పక్క సంఘంలో కూడా సాక్ష్యం చెప్పమన్నారు, రెండుసార్లు చెప్పొచ్చాను కూడా. షాపులో ఎవరైనా వస్తున్నారంటే చాలు, స్టూలు మీంచి ముందే లేచి నిలబడతాను, వాళ్ల ముందు లేవాల్సొస్తుందని. మాత్రలు మా ఆవిడకి కూడా తెలీకుండా మింగుతున్నాను. అప్పుడు నొప్పొక్కటే ఉండేదక్కయ్యా. ఇప్పుడు నొప్పి లేనట్టు నడవాలి."

"ఇంత పెట్టుకుని నాకు విశ్వాసం తక్కువంటావా?"

"నాకు నేను రోజూ చెప్పుకునే మాటే అది. అలవాటులో మీకూ చెప్పేశాను." ఆయన కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. ఆ భారీ గొంతు ఎక్కడికి పోయిందో తెలీదు. "ఆ రోజు నొప్పి నిజంగా పోయిందక్కయ్యా, ఒట్టు. ఎందుకు పోయిందో, ఎందుకొచ్చిందో, మీరెందుకు పడ్డారో, నాకేం తెలీదు. నేనే పడాల్సింది."

అత్తయ్య నవ్వింది. పడిన తర్వాత ఆవిడ నవ్వగా చూడ్డం అదే మొదటిసారి.

"ఇంతమంది వచ్చారు, అందరూ పేజీలకి పేజీలు రాశారు. తెలీదని రాసింది నువ్వొక్కడివే."

నేను కత్తి పక్కన పెట్టి ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. నా భుజం ఊడొచ్చేలా ఉందిగానీ ఆయన కుర్చీలోంచి బెత్తెడు కూడా లేవలేదు. వాకర్ తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని రెండు చేతులతో గుంజి తన మీదికి తెచ్చుకున్నాడు.

"గుంజకూడదు," అంది అత్తయ్య మంచం మీంచి. "ముందు అంచుకి జరుగు. పాదాలు వెనక్కి. ఇంకా వెనక్కి."

ఆయన వెనక్కి వాలాడు.

"పాదాలయ్యా వెనక్కి, నువ్వు కాదు. నువ్వు ముందుకు రావాలి. ముక్కు బొటనవేలి మీదికి రావాలి."

"పొట్ట అడ్డొస్తోందక్కయ్యగారూ."

"పొట్ట అందరికీ ఉంటుంది. అలా కాదు. అయ్యో, అలా కాదని చెబుతున్నానా. ఆ వాకర్ ఇటివ్వు."

చెప్పింది చెప్పినట్టు చెయ్యని పిల్లాణ్ణి చూస్తే ఆవిడకి ఒళ్లు తెలీదు. నేను అందిస్తే వాకర్ లాక్కుని మంచం అంచుకి జరిగింది, పాదాలు వెనక్కి లాక్కుంది. "ఒక చెయ్యి పరుపు మీద, రెండోది దీని మీద. ఇప్పుడు ముందుకి. చూడు, కళ్లు మూసుకోకు, ఇటు చూడు," అంటూ లేచి నిలబడింది.

దగ్గరకెళితే ఆవిడకి సమ్మె గుర్తొచ్చి కూర్చుండిపోతుందేమోనని భయం, వెళ్లకపోతే పడుతుందేమోనని భయం. ఆవిడ తలవంచి తన పాదాల్ని చూసుకుంది. తర్వాత పైకి చూసింది, చాలాసేపు. మెల్లిగా వాకర్‌ని ఆ కుర్చీ దాకా తోసుకుంటూ వెళ్లింది.

"ఊఁ, ఇప్పుడు నువ్వు," అంది.

నేను వెనక నుంచి ఆవిడ నడుం పట్టుకున్నాను. ఆయన అంచుకి జరిగి, పాదాలు వెనక్కి లాక్కుని, ఒక చెయ్యి కుర్చీ మీద పెట్టి, మూలుగుతూ, ముక్కు ముందుకు పెట్టి లేచాడు. వాకర్‌కి అటొకరు, ఇటొకరు నిలబడ్డారు. ఇద్దరికీ చెమటలు పట్టాయి.

"ఎవరితోనూ చెప్పకండి," అన్నాడు.

"నువ్వే చెప్పుకో, నీకు చెప్పాలనిపించినప్పుడు. రేపు సాయంత్రం ఫిజియో అమ్మాయి వస్తుంది, నువ్వూ రా."

ఆయన తలూపాడు. వెళ్లకుండా అక్కడే నిలబడి, "నా కోసం ఒక్కసారి ప్రార్థన చేస్తారా అక్కయ్యా?" అన్నాడు.

పాస్టరుగారంతటివారికే మీరు చెయ్యండి, నేను వింటానని చెప్పిన మనిషి ఆవిడ. అత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూసింది. వాకర్ మీంచి ఒక చెయ్యి తీసి ఆయన భుజం మీద వేసింది. నేను పట్టు బిగించాను.

"ప్రభువా," అంది. అక్కడ ఆగిపోయింది. ఇన్నాళ్లకి ఆ పేరు ఆవిడ నోట్లోకి వచ్చింది. "నీకూ నాకూ ఉన్న గొడవ తేలలేదు. నేను వదల్లేదు. దాన్ని పక్కన పెట్టి అడుగుతున్నా. ఈ మనిషి మోకాలు తగ్గించు. ఈసారి నిజంగా తగ్గించు. ఎవరికీ చెప్పడు."

ఆమెన్ అన్నాడాయన, నాకు కూడా సరిగ్గా వినపడనంత మెల్లిగా.